ఏ ఊరన్నా మనది?

ఉగాది ముందురోజు మూతపడ్డ నగరం.. ఆకలి వేళ అన్నం పెట్టిందెవరు? రైలెక్కనివ్వనిదెవరు?
బెంగళూరులో కష్టకాలపు జ్ఞాపకాలు

బెంగళూరులో తెలుగోణ్ని తెలుగోడు పట్టేయడానికి అర నిమిషం చాలు. మెజెస్టిక్‌లో బస్సు కోసం నిలబడినా, మారతహళ్లి మెస్సులో పప్పు కోసం పళ్లెం చాచినా, కట్టడం పనికాడ ఇసుక జల్లిస్తున్నా.. ఫోనులో ఒక్క ముక్క చెవిన పడితే పక్కనున్నాయన తల తిప్పి చూస్తాడు. ‘ఏ ఊరన్నా మనది?’ అంటాడు. కదిరి అంటే కదిరిలో యాడ, మదనపల్లె అంటే ఏ పల్లె, పాలమూరు అంటే ఏ మండలం.. అట్లా వంశవృక్షం దాకా పోతుంది సంభాషణ. మామూలు రోజుల్లో అదొక కాలక్షేపం. 2020 మార్చి తర్వాత కొన్ని వారాల పాటు మాత్రం ఆ ప్రశ్నే రేషన్ కార్డులా పనిచేసింది.

ఆ ఏడాది ఉగాది మార్చి 25. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి. పేరుకు తగ్గట్టే వచ్చింది. 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనిపించారు. ఆ అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. పండక్కి ఊరికి పోదామని సంచులు సర్దుకున్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. అప్పటికి రెండు రోజుల ముందే, జనతా కర్ఫ్యూ రోజు నుంచే, ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. బస్సుల్లేవు. సరిహద్దులో గేట్లు పడ్డాయి. బాగేపల్లి దాటితే కొడికొండ చెక్‌పోస్టు. ముళబాగిలు దాటితే నంగలి. మామూలుగా టీ తాగడానికి తప్ప ఎవరూ ఆగని ఈ చోట్లు ఒక్కసారిగా దేశాల సరిహద్దులైపోయాయి. మంగళూరు వైపు పనులకు పోయి తిరిగొస్తున్న ఆంధ్రా కూలీలు వందల మంది నంగలి దగ్గరే నిలిచిపోయారు. రాష్ట్రం కనిపిస్తోంది, కాలు పెట్టేందుకు లేదు. వాళ్లకు కోలారు జిల్లాలోనే బస, భోజనం ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

కార్డు ఊళ్లో.. కడుపు ఇక్కడ

బెంగళూరులో తెలుగువాళ్లంటే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లే గుర్తొస్తారు చాలామందికి. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే కుర్రకారుకు లాక్‌డౌన్ ఇబ్బందే. మెస్సులు మూతపడ్డాయి, పీజీలు ఖాళీ అయ్యాయి. అయితే జీతం పడింది. ల్యాప్‌టాప్ ఉంది. అనుమతి దొరికిన రోజు బైకు మీదనో, కారు మాట్లాడుకునో ఊరు చేరారు.

రేకుల షెడ్ల సంగతి వేరు. అనంతపురం, కడప, కర్నూలు, పాలమూరు పల్లెల నుంచి, ఇటు రాయచూరు, యాదగిరి నుంచి వచ్చి ఇటుకలు మోసేవాళ్లు, సెంట్రింగ్ కొట్టేవాళ్లు, అపార్టుమెంట్లలో కావలి ఉండేవాళ్లు. వానల్లేక వేరుశెనగ ఎండిన ఏడు వచ్చినవాళ్లు కొందరైతే, బోరు అప్పు తీర్చడానికి వచ్చినవాళ్లు ఇంకొందరు. వీళ్లకు పనుంటేనే కూలి. కూలి ఉంటేనే కూడు. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే బ్యాంకు.

ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు అనే ఏర్పాటు 2020 జనవరి 1న 12 రాష్ట్రాల్లో మొదలైంది. అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడూ ఉన్నాయి. కాగితం మీద చూస్తే కదిరి కార్డుతో కృష్ణరాజపురంలో బియ్యం తెచ్చుకోవచ్చు. మరి ఆ కార్డు ఎక్కడుంది? ఊళ్లో అవ్వ దగ్గర. అవ్వకు ఆ బియ్యమే ఆధారం. కార్డు ఇక్కడికి తెస్తే అక్కడ పొయ్యి ఆరిపోతుంది. పోనీ నంబరు చెప్పి తెచ్చుకుందామన్నా, ఆ సౌకర్యం ఒకటుందని షెడ్డులో చెప్పేవాళ్లెవరు?

అదే సమయంలో మార్చి 27న కొందరు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే రాజేంద్రన్ నారాయణన్, ఇంకా దేశమంతటా ఉన్న విద్యార్థులు, పరిశోధకులు కలిసి ‘స్వాన్’ పేరుతో ఒక బృందంగా ఏర్పడ్డారు. చిక్కుకుపోయిన కూలీల కార్యాచరణ వేదిక అన్నమాట. పెద్ద ఆఫీసేమీ లేదు. ఆకలేస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే, వాళ్ల భాష వచ్చినవాళ్లు తిరిగి మాట్లాడతారు. ఎంతమంది ఉన్నారు, చంటిపిల్లలున్నారా, గ్యాసుందా, చేతిలో ఎంతుంది అని అడిగి రాసుకుంటారు. దగ్గర్లో బియ్యమిచ్చే సంస్థ ఉంటే వాళ్లకు చెబుతారు. లేదంటే ఖాతాలో కొద్దిపాటి డబ్బు వేస్తారు. రీఛార్జి కూడా చేయిస్తారు. ఫోను ఆగిపోతే మనిషి గల్లంతైనట్టే మరి.

ఏప్రిల్ 13 నాటికి ఆ బృందం 11,159 మంది కూలీల వివరాలు సేకరించింది. అందులో తేలిన లెక్కలు చూస్తే గుండె గుభేలుమంటుంది. సగం మంది దగ్గర ఒక్క రోజుకు కూడా సరిపడా సరుకుల్లేవు. నూటికి 96 మందికి ప్రభుత్వ రేషన్ అందలేదు. 89 మందికి లాక్‌డౌన్ కాలానికి యజమాని ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇవి దేశమంతటి లెక్కలు. బెంగళూరు షెడ్లు ఇందుకు మినహాయింపేమీ కాదు.

ఇలాంటప్పుడు ‘ఏ ఊరన్నా మనది?’ అనే ప్రశ్న పనికొచ్చింది. ఒక షెడ్డుకు సరుకులొస్తే పక్క షెడ్డుకు కబురు పోవడం, మనోళ్లు నలుగురున్నారు చూడండని ఫోను నంబరు చేతులు మారడం.. సాయం చేసే సంస్థలకు దారి చూపింది ఎక్కువగా ఈ చుట్టరికాలే. అయితే దీనికో చెడ్డ కోణమూ ఉంది. ఊరి పేరు చెప్పుకునే తోడు లేనివాడికి ఆ కబురు చేరదు. ఒడియా, బెంగాలీ కూలీలకు ఈ నగరంలో ‘మనోళ్లు’ తక్కువ. సరుకుల బండ్లు కూడా మెయిన్ రోడ్డు పక్కన షెడ్లకు రెండుసార్లు వచ్చి, లోపలి సందులకు ఒక్కసారీ రాని రోజులున్నాయి. బియ్యమిచ్చి, నూనె, ఉప్పు, పొయ్యి మాట మరిచినవాళ్లున్నారు. ఐదు కేజీల సంచి మీద పది చేతులు పెట్టి ఫొటోలు దిగినవాళ్ల గురించి చెప్పక్కర్లేదు. ఆకలి తీరితే అదే పదివేలనుకుంటే సరి.

కోలారులో అమ్ముడైన స్థలం

సాయం చేయడానికి శ్రీమంతుడే కానక్కర్లేదని కోలారులో ఇద్దరు అన్నదమ్ములు రుజువు చేశారు. 2020 ఏప్రిల్‌లో వాళ్ల సంగతి దేశమంతా చెప్పుకొంది. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. చిక్కబళ్లాపురం వైపు నుంచి కోలారులో ఉన్న అమ్మమ్మ దగ్గరికి వచ్చి పెరిగారు. పెద్ద చదువుల్లేవు. అరటిపండ్ల వ్యాపారం, ఇళ్ల స్థలాల వ్యాపారం చేసుకుని నిలదొక్కుకున్నారు. లాక్‌డౌన్‌లో ఊళ్లో కూలీలు పస్తులుండటం చూసి తమ స్థలాన్ని 25 లక్షల రూపాయలకు అమ్మేశారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులు తెరవలేదు కాబట్టి ఒప్పందం రాసుకుని డబ్బు తీసుకున్నారు. ఇంటి పక్కన టెంటు వేసి వంటలు మొదలుపెట్టారు. బియ్యం, నూనె, పప్పు మూటలు కట్టి వేల మందికి పంచారు.

ఎందుకిట్లా అని అడిగినవాళ్లకు వాళ్లు చెప్పిన సమాధానం చిన్నది. తాము అనాథలై వచ్చినప్పుడు కులమతాలు చూడకుండా పదిమంది ఆదుకుంటేనే బతికామని, ఆకలంటే ఏమిటో తెలుసని అన్నారు. ఆ పదిమంది ఎవరో, వాళ్లలో ఎందరు బతికున్నారో ఎవరికి తెలుసు? బాకీ ఒకరిది, చెల్లింపు మరొకరికి. సీమలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు ఇప్పటికీ పాటల్లో ఎందుకుందంటే, 1866 కరువులో ఆయన గాదెలు తెరిచి వేలమందికి గంజి, అన్నం పోశాడు కాబట్టి. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. కోలారు అన్నదమ్ములకు పతకమేదీ రాలేదు. వాళ్లు అడగనూ లేదు.

అవసరం వేరు.. ఆదరణ వేరు

మనుషులకు మనుషుల అవసరం ఎంతుందో ఆ మే నెలలో బెంగళూరు మరో రకంగానూ చూసింది. వలస కూలీలకు శ్రామిక్ రైళ్లు మొదలయ్యాయి. దేశంలో మొదటిది మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు పోయింది. బెంగళూరు వైపు చిక్కబాణావర, మాలూరు స్టేషన్ల నుంచి బండ్లు కదిలాయి. కర్ణాటకలోని పల్లెలకు పోవాల్సినవాళ్లు మెజెస్టిక్‌కు వేలల్లో వచ్చారు. ఆర్టీసీ మొదట మామూలు చార్జీకి మించి అడిగింది. నలువైపులా విమర్శలు రావడంతో మే 3 నుంచి ఉచితమన్నారు.

మే 5న అసలు కథ నడిచింది. భవన నిర్మాణ సంస్థల ప్రతినిధులు ముఖ్యమంత్రి యడియూరప్పను కలిశారు. ఆ సమావేశం తర్వాత, 6వ తేదీ నుంచి కూలీల రైళ్లు అక్కర్లేదంటూ రాష్ట్రం రైల్వేకు లేఖ రాసింది. పనులు మళ్లీ మొదలవుతున్నాయి, కూలీలు వెళ్లిపోతే కట్టడాలు ఆగిపోతాయన్నది వాదన. నలభై రోజులు అన్నమో రామచంద్రా అని ఫోన్లు చేస్తే పలకనివాళ్లకు కూడా, రైలెక్కుతున్నారనేసరికి కూలీ విలువ తెలిసొచ్చింది. దేశమంతా దుమ్మెత్తిపోసింది. రెండు రోజుల్లో నిర్ణయం వెనక్కి తీసుకుని మళ్లీ రైళ్లు అడిగారు. ఈలోపు బండి రాదేమోనన్న భయంతో కొందరు నడక మొదలుపెట్టేశారు. 

అదే ప్రభుత్వం మే 6న 1,610 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. క్షురకులకు, రజకులకు, ఆటో, ట్యాక్సీ డ్రైవర్లకు తలా 5 వేలు. నమోదైన భవన కార్మికులకు అంతకుముందు ఇచ్చిన 2 వేలకు తోడు మరో 3 వేలు. మంచి పనే. కానీ ‘నమోదైన’ అన్న మాట దగ్గరే మన షెడ్డు కూలీ ఆగిపోయాడు. పేరు ఎక్కడా నమోదు కానివాడు, మేస్త్రీ చిట్టా పుస్తకంలో తప్ప.

ఇక సొంత రాష్ట్రానికి పోవాలంటే ‘సేవా సింధు’ వెబ్‌సైటులో అర్జీ పెట్టుకోవాలి. ఫోనుకు ఓటీపీ వస్తుంది. అక్షరమ్ముక్క రానివాడికి అదో కొత్త కొండ. పీజీల్లో మిగిలిన కుర్రాళ్లు, కాలేజీ పిల్లలు ఆ ఫారాలు నింపడం నేర్చుకుని వందలు వందలుగా నింపారు. ఇంజినీరింగ్ చదివినందుకు ఇన్నాళ్లకు ఒక పని దొరికిందని వాళ్లలో వాళ్లు జోకులేసుకునుంటారు.

విమానం కథ కూడా చెప్పుకోవాలి. బెంగళూరు నేషనల్ లా స్కూలు పూర్వ విద్యార్థులు చందాలేసుకుని మే 28న ముంబయి నుంచి రాంచీకి కూలీలను విమానంలో పంపించారు. అది చూసి హైదరాబాద్ నల్సార్ పూర్వ విద్యార్థులు కదిలారు. జూన్ 4న బెంగళూరు నుంచి రాయ్‌పూర్‌కు విమానం మాట్లాడి 170 మందికి పైగా ఛత్తీస్‌గఢ్ కూలీలను ఇల్లు చేర్చారు. బెంగళూరులో చదివినవాళ్లు ముంబయిలో చిక్కినవాళ్లకు, హైదరాబాద్‌లో చదివినవాళ్లు బెంగళూరులో చిక్కినవాళ్లకు. ‘ఏ ఊరన్నా మనది?’ అని ఇక్కడ ఎవరూ అడగలేదు.

ప్లేగు నాడు పారిపోయారు

ఈ నగరానికి ఇట్లాంటిది కొత్త కాదు. 1898 ఆగస్టులో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. రైలు దారి వెంట హుబ్బళ్లి వైపు నుంచి వచ్చిందన్నారు. జనం ఇళ్లు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు, ఊళ్లకు పారిపోయారు. ప్లేగు పనుల కోసమే నగరంలో తొలిసారి టెలిఫోన్లు వాడారని చెబుతారు. ఇరుకు పేటల్లో ఉంటే చచ్చిపోతామని విశాలమైన వీధులతో బసవనగుడి, మల్లేశ్వరం పేటలు లేచాయి. ఆ నాటి ప్లేగమ్మ గుళ్లు నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. తేడా ఒక్కటే. అప్పుడు పారిపోగలిగినవాళ్లు బతికారు. 2020లో పారిపోదామన్నా దారి లేదు.

శవాన్ని ముట్టేదెవరు?

మొదటి ఏడాది ఆకలి. రెండో ఏడాది ఊపిరి.

2021 ఉగాది ఏప్రిల్ 13. ఈసారీ బస్సుల్లేవు. కర్ణాటక ఆర్టీసీ కార్మికులు 7వ తేదీ నుంచి సమ్మెలో ఉన్నారు. కొత్త సంవత్సరం పేరు ప్లవ. అంటే తెప్ప, దాటించేది. ఆ మాటను నమ్ముకుని పచ్చడి తిన్నవాళ్లకు రెండు వారాలు తిరక్కుండానే ఆసుపత్రి మంచం దొరకలేదు. ఏప్రిల్ 30న ఒక్క బెంగళూరులోనే కేసులు 26 వేలు దాటాయి. మే మొదట్లో చామరాజపేట శ్మశానం గేటుకు ‘హౌస్‌ఫుల్’ బోర్డు వేలాడింది. సినిమా హాలుకు తప్ప వాడని మాట అది. నగరం బయట తావరెకెరె, గిడ్డేనహళ్లిలో ఆరుబయట చితులు పేర్చారు. అంబులెన్సులు గంటలకొద్దీ క్యూ కట్టాయి.

అయినవాళ్లు దగ్గరికి రావడానికి భయపడ్డ రోజులు. కొందరు తామే ఐసొలేషన్‌లో ఉండి రాలేకపోయారు. ఊరి నుంచి రావాలన్నా దారుల్లేవు. మరి ఆ శవాలను ఎవరు దించారు? సుమనహళ్లి లాంటి శ్మశానాల్లో చాలీచాలని డబ్బులకు పనిచేసేవాళ్లు దించారు. మెర్సీ మిషన్ కుర్రాళ్లు దించారు. లాక్‌డౌన్ మొదట్లో సరుకులు పంచడానికి నగరంలోని పలు ముస్లిం సేవా సంస్థలు కలిసి పెట్టుకున్న కూటమి ఇది. తర్వాత ‘మెర్సీ ఏంజెల్స్’ పేరుతో అంత్యక్రియల బృందం కట్టారు. పీపీఈ కిట్లు వేసుకుని హిందువులను దహనం చేశారు, క్రైస్తవులను, ముస్లింలను ఖననం చేశారు. ఎవరి పద్ధతిలో వారికి. పగలు ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, రంజాన్ ఉపవాసాల్లో కూడా ఆ కిట్ల లోపల చెమటలు కక్కుతూ శవాలు మోశారు. వాళ్లకు ఆ చనిపోయినవాళ్ల పేరు తెలుసు, వార్డు నంబరు తెలుసు. అంతే.

శివాజీనగర్‌లో హెచ్‌బీఎస్ ఆసుపత్రి కథా ఇలాంటిదే. 2020లో చాలా ప్రైవేటు ఆసుపత్రులు కొవిడ్ రోగి అంటే జంకుతున్నప్పుడు డాక్టర్ తాహా మతీన్ తమ చిన్న ఆసుపత్రి తలుపులు తెరిచారు. మంచాలున్నాయి, యంత్రాలున్నాయి, డాక్టర్లే లేరు.. రండి అంటూ వీడియోలో వేడుకున్నారు. అది చూసి యువ వైద్యులు వచ్చి చేరారు. 2021 మే మొదటి వారంలో ఓ రాత్రి యలహంకలో ఓ ఆసుపత్రిలో ఆక్సిజన్ అయిపోతుంటే, పోలీసులు, సోనూ సూద్ ఫౌండేషన్ వాళ్లు కలిసి అర్ధరాత్రి సిలిండర్లు వెతికి తెచ్చారు. ఇరవై మంది దాకా గండం గడిచింది. అదే వారం చామరాజనగర జిల్లా ఆసుపత్రిలో ఒక్క రాత్రిలో 24 మంది పోయారు. ఒకచోట ఫోన్ ఎత్తినవాళ్లున్నారు. ఇంకోచోట గండం గడవలేదు. తేడా అంతే.

చితాభస్మాలు మిగిలిపోయాయి. కుండలకు చీటీలు కట్టి శ్మశానాల్లో వరుసగా పెట్టారు. తీసుకుపోయేవాళ్లు రాలేదు. ఎందరో ఇంటిల్లిపాదీ మంచాన పడ్డారు, కొందరికి అసలు ఎవరూ మిగల్లేదు, ఇంకొందరు భయపడ్డారు. ఏదైతేనేం, 2021 జూన్ 2న అలాంటి 560కి పైగా కుండలను మండ్య జిల్లా మళవళ్లి తాలూకా బెళకవాడి దగ్గరికి తీసుకెళ్లారు. రెవెన్యూ మంత్రి ఆర్.అశోక కావేరిలో నిలబడి, పురోహితులు మంత్రాలు చదువుతుండగా అస్థి నిమజ్జనం చేయించారు. అక్టోబరు 4న శ్రీరంగపట్నం గోసాయి ఘాట్‌లో పిండ ప్రదానం కూడా చేశారు. రాజకీయ నాయకుణ్ని మెచ్చుకోవాల్సిన సందర్భాలు తక్కువ. ఇదొకటి.

ఆ కుండల్లో సరిహద్దు దాటి వచ్చినవాళ్లు ఎందరో, ‘ఏ ఊరన్నా మనది?’ అని అడిగితే కదిరనో, పలమనేరనో చెప్పాల్సినవాళ్లు ఎందరో లెక్క తేల్చినవాళ్లు లేరు.

పడవలు ఏడాది ఆలస్యం

ప్లవ పోయి శుభకృత్ వచ్చింది. 2022 ఏప్రిల్ 2న ఉగాది. రెండేళ్ల తర్వాత పండక్కి బస్సులు దొరికాయి. కొడికొండ దగ్గర ఆపి ఎందుకు పోతున్నావని అడిగేవాళ్లు లేరు. షెడ్లు మళ్లీ నిండాయి. 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో కొందరు పేర్లు రాయించుకున్నారు. ఇంకొందరికి దాని సంగతి ఇప్పటికీ తెలీదు.

తెప్పలు మాత్రం ఆ సెప్టెంబరులో వచ్చాయి. 4వ తేదీ రాత్రి నుంచి తెల్లవారే దాకా నగరంలో 131.6 మిల్లీమీటర్ల వాన పడింది. చెరువులు పూడ్చి కట్టిన చోట్లు మళ్లీ చెరువులయ్యాయి. బెళ్లందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు మునిగిపోయాయి. కోట్ల రూపాయల విల్లాల్లో నడుం లోతు నీళ్లు. ఖరీదైన కార్లు పైకప్పు దాకా మునిగాయి. లిఫ్టుల్లేవు, కరెంటు లేదు, నీళ్ల మధ్య తాగడానికి నీళ్లు లేవు. విపత్తు సహాయక దళాలు రబ్బరు పడవలేసుకుని విల్లాల వీధుల్లో తిరిగాయి.

ఆఫీసుకు పోవాల్సినవాళ్లు ట్రాక్టర్లెక్కారు. ఇసుక, మట్టి, ఇటుకలు తోలే ట్రాక్టర్లు. మెడలో ఐడీ కార్డు, వీపున ల్యాప్‌టాప్ సంచి, చేతిలో బూట్లు పట్టుకుని ట్రాలీలో నిలబడ్డ ఇంజినీర్ల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. కొందరు యాభై రూపాయలు తీసుకున్నారని రాశారు. బేరాల్లేవు. ముసలివాళ్లను, చంటిబిడ్డ తల్లులను రెక్కపట్టి ఎక్కించుకున్నారు. రెండేళ్ల కిందట ఆ రోడ్డు పక్క షెడ్ల ముందు సరుకుల బండి ఆగితే, పైనున్నవాళ్లు ఇచ్చారు, కిందున్నవాళ్లు చేయి చాచారు. ఇప్పుడు బండి మీద ఉన్నది వేరేవాళ్లు.

నాలుగైదు రోజులకు నీళ్లు దిగాయి. ట్రాక్టర్లు మళ్లీ ఇసుక తోలుడుకు పోయాయి.